వరన్నం వండిన రోజు

మా వాడికి ఆరేళ్ళు. వాడు తినేవి మొత్తం ఐదు: తెల్లన్నం, పెరుగు, బంగాళాదుంప వేపుడు, బిస్కట్లు, నూడుల్స్. ఆరోది టీవీ అనుకోవచ్చు, అది లేకుండా ఈ ఐదూ లోపలికి పోవు. పోయిన ఏడాది మాటిమాటికీ జ్వరం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 అని వచ్చింది. ఆ వయసు పిల్లలకి 11.5 అన్నా ఉండాలట. డాక్టరుగారు ఐరన్ సిరప్ రాసిచ్చి, "ఆకుకూరలు, పప్పులు, రాగులు, సజ్జలు పెట్టండి" అన్నారు. పెట్టడం మా చేతిలో పనే. తినడం కదా వాడి చేతిలో ఉంది!

ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో జరిగింది భోజనం కాదు, యుద్ధం. దోసెపిండిలో రాగిపిండి కలిపి చూశాం. చపాతీలో పాలకూర దాచి చూశాం. "ఒక్క ముద్ద తింటే చాక్లెట్టు" అని లంచం ఆశ చూపాం. దోసె రంగు మారిందని కనిపెట్టినప్పుడు వాడి మొహంలో వెలుగు చూడాలి... రిలీజుకి ముందురోజు రాత్రి బగ్ పట్టుకున్న టెస్టరు మొహమే :-)

ఒకరోజు విసుగొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. మాది మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్యలో ఓ పల్లె, అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. "అమ్మా, మాకు చిన్నప్పుడు ఎట్లా తినిపించేదానివి?" అని అడిగా.

"తినిపించేదేందిరా? ఉన్నది వండేదాన్ని, తినేవాళ్ళు. అయినా నువ్వేమన్నా తక్కువోడివా, బలపాలు తినలా?" అని నవ్వి, ఇంకో మాట అంది. "మీ జేజి చెప్పేది, వరన్నం వండిన రోజు పిల్లకాయల్ని పిలవాల్సిన పనే ఉండేది కాదంట. వాసనకే వచ్చి కూర్చునేవాళ్ళంట."

ఫోన్ పెట్టేశాక ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అంటే మిగతా రోజుల్లో పిలవాల్సి వచ్చేదన్నమాట! "మన కాలంలో పిల్లలు పెట్టిందల్లా తినేవాళ్ళు, ఈ కాలం పిల్లలకే గారాబం ఎక్కువ" అని మనం ఊరికే అనుకుంటున్నామా? ఆ అనుమానంతో మా ప్రాంతపు తిండి చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. తవ్వగా తవ్వగా తేలింది ఏంటంటే, మా ఇంట్లో తిండికి పేచీ పెట్టిన మొదటివాడు మా అబ్బాయి కాదు.

ముందు మా ప్రాంతం గురించి నాలుగు ముక్కలు. ప్రకాశం అంటే చాలామందికి ఒంగోలు, చీరాల, సముద్రం గుర్తొస్తాయి. మాది ఆ ప్రకాశం కాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి తలా కొంత కోసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. కాబట్టి పేరుకి కోస్తా అయినా మా మాట, మా కూడు రాయలసీమవే. నానమ్మని జేజి అనడం అక్కణ్ణించి వచ్చిందే.

పడమట నల్లమల కొండలు, వాటి కింద రాళ్ళ నేల, వస్తే వచ్చినట్టు రాకపోతే లేనట్టు వానలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకి కంభం దగ్గర రెండు కొండల మధ్య కట్ట కట్టి విజయనగర రాజుల కాలంలో చెరువు చేశారు. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. ఆ చెరువు కింద వరి పండేది. చెరువు నీళ్ళు అందని చోట, అంటే దాదాపు అంతటా, కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది. మా జేజి కాలంలో రోజువారీ కూడు అదే: కొర్రన్నం, జొన్న సంగటి, సజ్జ రొట్టె, పొద్దున అంబలి, నంజుకోవడానికి గోంగూరో చింతాకో పచ్చిమిరపకాయల తొక్కో. వరన్నం పండక్కీ, పెళ్ళికీ, అల్లుడొచ్చినప్పుడూ.

తిండి వద్దనడం అనే ఆలోచనే ఎందుకు లేదో అర్థం కావాలంటే ఇంకా వెనక్కి పోవాలి. 1876-78 కరువుని మా వైపు పెద్దవాళ్ళు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. కర్నూలు జిల్లా దానికి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనులు చేసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దానిమీద కాస్త డబ్బులు చాలని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు అది మనిషిని బతికించే కూలి కాదని పోట్లాడాడు. చివరికి కూలి పెంచక తప్పలేదు. పెద్దవాళ్ళకే ఇట్లా గ్రాములు తూచిన నేల మీద, "నాకు ఇది వద్దు" అనే పిల్లవాడు ఎక్కణ్ణించి వస్తాడు? జేజి కంచంలో మెతుకు వదిలితే ఊరుకునేది కాదు. ఆవిడ ఆ కరువుకి అరవై ఏళ్ళ తర్వాత పుట్టింది, అయినా ఆ భయం ఆవిడ దాకా వచ్చింది.

కాబట్టి వాళ్ళు కొర్రన్నం తిన్నది ఇష్టమై కాదు, వేరే లేక. కోరుకున్నది మాత్రం వరన్నం. ఎందుకు కోరుకున్నారు? రుచి ఒక్కటే కారణం కాదు. కొర్రలు అన్నం కావాలంటే తెల్లారకముందే లేచి రోట్లో వేసి దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. జొన్నలు తిరగట్లో విసరాలి. ఈ పనంతా ఆడవాళ్ళదే. బియ్యం మాత్రం మిల్లులో ఆడించి తయారుగా వస్తాయి, కడిగి పొయ్యి మీద పెట్టడమే. పైగా వరన్నం ఉన్నవాళ్ళ తిండి. సంబంధం చూసేటప్పుడు "వాళ్ళకి మాగాణి ఎంతుంది?" అని అడగడం అమ్మకి బాగా గుర్తు. మాగాణి ఉందంటే పిల్ల వరన్నం తింటుందని అర్థం. ఇవాళ సూపర్ మార్కెట్లో కొర్రల పొట్లం పట్టుకుని "మన పెద్దవాళ్ళు తెలివి తక్కువై వీటిని వదిలేశారు" అనేవాళ్ళు ఆ రోకలి ఒక్క పూట పట్టుకుంటే బాగుంటుంది.

ఇక 1983. ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది, మనిషికి ఐదు కిలోల లెక్కన కుటుంబానికి నెలకి 25 కిలోల దాకా. అమ్మ అప్పుడే ఆ ఇంటికి కొత్త కోడలు. "స్టోరు బియ్యం వచ్చిన ఆర్నెల్లకి రోలు మూలకి పోయిందిరా" అంటుంది. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో బాధేమీ ఉండదు, విముక్తే ఉంటుంది. 90లలో ధర పెరిగింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలకి దిగింది, 2011లో రూపాయికి వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ప్రచారం చేయలేదు. తరాల తరబడి ఆశపడిన తిండి అందుబాటులోకి వచ్చింది, జనం మారిపోయారు. కొర్ర పండించిన చేలల్లో పొగాకూ, పత్తీ, కందీ వచ్చాయి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మేం ఎవరి కంచం చూసి ఆశపడ్డామో, ఆ కంచంలోని లోటు గురించి అప్పటికే పరిశోధనలు జరిగిపోయాయి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి జబ్బు గురించి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ చిన్న గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు తార్నాకకి వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఐక్రాయిడ్, ఆయన తోటివాళ్ళు ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరిని పరిశీలించారు. మిల్లులో బాగా తెల్లగా ఆడించిన పచ్చి బియ్యం మీదే బతికే ఇళ్ళలో తల్లులకి బి1 విటమిన్ చాలక, వాళ్ళ పాలు తాగిన చంటిపిల్లలు కొన్ని నెలలకే చనిపోయేవారు. తవుడులో పోయింది విటమిను. తెల్లదనం కోసం పెట్టిన ఖర్చు అది.

కొసమెరుపు చూడండి. 2021 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం రేషను, బడి భోజనాల బియ్యాన్ని ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యంగా మారుస్తామని ప్రకటించింది. ముందు పాలిష్ పట్టి ఉన్నవి తీసేయడం, తర్వాత ఫ్యాక్టరీలో కొన్నిటిని మళ్ళీ కలపడం. మన కోడ్‌బేసుల్లో ఇట్లాంటివి ఎన్ని చూడలేదు!

"అయితే పాత తిండే బంగారం, అందరం కొర్రలకి పోదాం" అని నేను అనబోతున్నానని మీరు అనుకుంటే, ఆగండి. మా పక్కన అది అంత తేలిక కాదు.

మాకు తూర్పున కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970 దాకా నెల్లూరు జిల్లావి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదటిసారి వైద్యపత్రికలకి ఎక్కించింది 1937లో, ఆ నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, బావి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పిల్లల పళ్ళు గారపట్టడం, పెద్దవాళ్ళ వెన్ను కొయ్యబారడం నమోదు చేశారు. 1940లో పండిట్ బృందం ఇంకో సంగతి గమనించింది. అదే నీళ్ళు తాగినా అందరికీ ఒకేలా రావట్లేదు. తిండి సరిగా లేనివాళ్ళకి, ముఖ్యంగా విటమిన్ సి తక్కువైన వాళ్ళకి జబ్బు ముదురుతోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. 1973లో తార్నాక శాస్త్రవేత్తలు ఫ్లోరైడు ఊళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన కుర్రాళ్ళని చూశారు. ఆ జబ్బు జొన్న ప్రధానంగా తినే పేదల ఇళ్ళలో ఎక్కువగా కనిపించింది. 1977లో మనుషుల మీదే కొలిచి చూస్తే, వరన్నం తిన్నప్పటికన్నా జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ నిలిచిపోతోందని తేలింది. అంటే మనం ఇవాళ ఆరోగ్యం పేరుతో కొనుక్కునే జొన్న, చెడ్డ నీళ్ళున్న ఊళ్ళో పిల్లలకి కొత్త కష్టం తెచ్చింది. మరోవైపు 2002లో అదే సంస్థ బడి పిల్లలకి రోజూ కాస్త చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడు బయటికి పోవడం పెరిగింది. మా జేజి పచ్చిపులుసుకి ఇన్నాళ్ళకి ఒక పరిశోధనా పత్రం దొరికింది. నాకు అర్థమైంది ఒక్కటే: "ఆరోగ్యకరమైన తిండి" జాబితా ఏ ఊరి నీళ్ళకీ, ఏ ఇంటి పొయ్యికీ ఆ ఊళ్ళోనే సరిచూసుకోవాల్సిందే. బెంగళూరు అపార్టుమెంటులో ఉన్న మా వాడికి రాగి మేలే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. కానీ మేలని వాడికెవరు చెప్పాలి?

ఇక్కడ బలపాల సంగతి చెప్పాలి. మార్కాపురం అంటే పలకలు. దేశమంతా పిల్లలు దిద్దుకున్న రాతి పలకలు మా ఊరి గనుల్లోంచే ఎక్కువగా వెళ్ళేవి. పలక ఉన్నచోట బలపం ఉంటుంది, బలపం ఉన్నచోట దాన్ని కొరికే పిల్లకాయ ఉంటాడు. నేనూ ఒకణ్ణి. అమ్మ వీపు చిట్లగొట్టినా మానలేదు. మన్నూ సుద్దా బలపాలూ తినాలనిపించడానికీ, ఒంట్లో ఇనుము తక్కువవడానికీ సంబంధం ఉందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. బలపంలో ఇనుము దొరుకుతుందని కాదు, దొరకదు. లోటు ఉన్న ఒళ్ళు ఏదో అడుగుతుంది, ఏది అడగాలో దానికి తెలియదు. మా వాడి రిపోర్టు చూశాక నాకు గుర్తొచ్చింది ఇదే. నా రక్తం ఎవరూ పరీక్ష చేయలేదంతే. స్టోరు బియ్యపు అన్నం, మజ్జిగ, బలపం... నా మెనూ కూడా ఏమంత గొప్పది కాదు.

మరి పిల్లల ఇష్టాయిష్టాలు ఎక్కడ తయారవుతాయి? దీని మీద నాకు నచ్చిన రెండు ప్రయోగాలున్నాయి, రెండూ అమెరికావి. మొదటిది 1920లలో డాక్టర్ క్లారా డేవిస్ చేసింది. పాలు మాన్పించిన 15 మంది పసిపిల్లల ముందు ముప్పై పైచిలుకు పదార్థాల్లోంచి పూటపూటకీ కొన్ని పెట్టి, ఏది కావాలంటే అది తిననిచ్చింది. నర్సు చెంచా పట్టుకుని కూర్చోవాలి, పిల్లవాడు దేన్నైనా చూపిస్తే తప్ప అందించకూడదు, "తిను" అనకూడదు, "వద్దు" అనకూడదు. పిల్లలు పిచ్చిపిచ్చి కాంబినేషన్లు తిన్నారు, అయినా ఆరోగ్యంగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక పిల్లవాడు కాడ్‌లివర్ ఆయిల్ తనంతట తనే తాగి, జబ్బు తగ్గాక మానేశాడు. "చూశారా, పిల్లలకి అన్నీ తెలుసు" అని దీన్ని చాలామంది వాడుకున్నారు. కానీ అసలు కిటుకు 1939లో డేవిస్సే చెప్పింది. ఆ జాబితాలో చక్కెర లేదు, మైదా లేదు, డబ్బా తిండి లేదు. ఏది తిన్నా మంచిదే. జాబితా పెద్దవాళ్ళది, ఎంపిక పిల్లవాడిది. మా ఇంట్లో జాబితాలోనే నూడుల్స్ ఉన్నాయి, తెచ్చిపెట్టింది నేనే.

రెండోది లియన్ బిర్చ్ అనే పరిశోధకురాలిది, 1980. ఒక కూర ఇష్టపడే పిల్లవాణ్ణి, ఇంకో కూర ఇష్టపడే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య కూర్చోబెట్టి భోజనం పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. నాలుగు రోజుల్లో ఆ పిల్లవాడు పక్కవాళ్ళ కూర అడగడం మొదలుపెట్టాడు. 1984లో ఆవిడే ఇంకోటి చూపించింది: "ఇది తాగితే బహుమతి" అని పెడితే పిల్లలు తాగుతారు గానీ, తర్వాత దాని మీద ఇష్టం తగ్గుతుంది. మా చాక్లెట్టు లంచం సంగతి అక్కడ తేలిపోయింది. పాలకూర తింటే చాక్లెట్టు అన్నప్పుడల్లా, పాలకూర అంటే కష్టం, చాక్లెట్టు అంటే కూలి అని మేమే నేర్పుతున్నాం.

ఇది చదివినప్పుడు జేజి మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఒక ప్రాంతం మొత్తం కొర్రల నుంచి వరికి మారింది కూడా ఇదే దారిలో కదా. పక్కవాడి కంచం చూసి. పెళ్ళి పందిట్లో వడ్డించేదేదో అదే గొప్ప తిండి అని పిల్లలు చూసి నేర్చుకున్నారు, పెద్దవాళ్ళయ్యాక ఇంటికి తెచ్చుకున్నారు.

పక్కపక్కన కూర్చోబెట్టి తినిపించడంలో మన దగ్గర వందేళ్ళ అనుభవం ఉంది, మనమే దాన్ని పేదల పథకం అని పక్కన పెట్టాం. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లవాడికి రోజుకి అణా మించకుండా మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించాడు. ప్రాథమిక విద్య నిధి దానికి వాడకూడదని ప్రభుత్వం అడ్డుపడటంతో 1925లో ఆగిపోయింది. తర్వాత 1950లలో కామరాజు, 1982లో ఎంజీఆర్ తమిళనాట దాన్ని నిలబెట్టారు. దేశమంతటికీ 1995లో పథకం వచ్చింది గానీ చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకి మూడు కిలోల గింజలు ఇంటికిచ్చి చేతులు దులుపుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: గింజలు కాదు, వండిన భోజనం పెట్టండి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీను, ఏడాదికి 200 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది, డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ చేతి వంటతో.

గింజలకీ వండిన అన్నానికీ తేడా కేలరీల్లో లేదు, బంతిలో ఉంది. ఇంటికి పోయిన మూడు కిలోలు ఇంటి కుండలో కలిసిపోతాయి. బడి వరండాలో వడ్డించిన పప్పు మాత్రం పక్కవాడితో కలిసి తినాలి. ఆ పక్కవాడు ఏ కులమో చూసి లేపేసే అలవాటున్న దేశంలో అది చిన్న విషయం కాదు. వండిన మనిషి దళితురాలని పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు చాలా రాష్ట్రాల నుంచి వచ్చాయి. అక్కడ తిండికి పేచీ పెట్టింది పిల్లలు కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ప్రభుత్వాలు పేర్లు మార్చుకుంటూ వచ్చాయి, 2020లో జగనన్న గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పేర్ల సంగతి పక్కన పెడితే, వడ్డన చూడండి. గుడ్లు, చిక్కీలు వచ్చాయి, 2023 మార్చిలో రాగి జావ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ఎంచుకున్నది కూడా ఆ ఏడాదినే. నాకు ఇందులో ఒక వింత కనిపిస్తుంది. మా జేజి పిల్లలు తప్పించుకోవాలని చూసిన అంబలి, ఆవిడ మునిమనవల బడిలోకి గ్లాసులో బెల్లం వేసుకుని తిరిగొచ్చింది. ఇంకో వింత, 2025 జూన్‌లో బడి భోజనానికి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. స్టోరు బియ్యపు అన్నం ముద్దగా ఉంటోందని పిల్లలు పారబోయడం ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే. ప్రభుత్వమంతటిది కూడా పిల్లల నాలికతో రాజీ పడాల్సి వచ్చింది, ఇక నేనెంత!

పోయిన వేసవిలో మా వాణ్ణి నెలరోజులు ఊళ్ళో వదిలాను. మా పెదనాన్నగారి మనవళ్ళు, మనవరాళ్ళు ఐదుగురు అక్కడే ప్రభుత్వ బడిలో చదువుతారు. అమ్మ మధ్యాహ్నం వరండాలో అందరికీ ఒకటే బంతి వేసేది. టీవీ లోపల గదిలో ఉండిపోయింది. మొదటి మూడు రోజులు వీడు పెరుగన్నమే తిన్నాడట. నాలుగో రోజు పక్కనున్న పిల్ల సజ్జ రొట్టెలో బెల్లం పెట్టుకుని తింటుంటే, "నానమ్మా, నాకూ" అన్నాడట. గోంగూర పప్పు రెండో వారంలో. గుడ్డు ఎప్పుడు మొదలుపెట్టాడో ఎవరూ గమనించలేదు. సంగటి మాత్రం ససేమిరా అన్నాడు, ఇప్పటికీ అంతే. అమ్మ కూడా బలవంతపెట్టలేదు. "మీ నాయన కూడా సంగటంటే మొహం తిప్పుకునేవాడు, రక్తంలో ఉంది" అంది.

ఇది విజయగాథ అనుకోకండి. బెంగళూరు తిరిగొచ్చిన వారానికే టీవీ పెట్టమని ఏడుపు మొదలైంది. అప్పుడు మా భోజనాల బల్ల వైపు ఒకసారి బయటివాడిలా చూశాను. వాడు ఒక్కడే టీవీ ముందు. నేను క్లయింట్ కాల్‌లో, లాప్‌టాప్ పక్కన ప్లేటు. అందులో తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు. కాకరకాయ నేను తినను. పప్పులో ఆకు కనిపిస్తే ఏరి పక్కన పెడతాను. మా ఆవిడ అందరిదీ అయ్యాక నిలబడి తింటుంది. వాడు మమ్మల్ని చూసే నేర్చుకున్నాడు, చాలా శ్రద్ధగా నేర్చుకున్నాడు. బిర్చ్ ప్రయోగంలో పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి నేనే.

ఇప్పుడు రాత్రి ఎనిమిదికి కాల్స్ పెట్టుకోవడం మానేశాను. మేనేజరుకి కారణం చెబితే నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. ముగ్గురం కింద కూర్చుని తింటున్నాం. వండినవన్నీ మధ్యలో ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవాలి, తినమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఈ నియమం వాడికన్నా మాకే కష్టంగా ఉంది. నూడుల్స్ కొనడం మానేశాం. ఆర్నెల్ల తర్వాత హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. సిరప్ పుణ్యమా, బంతి పుణ్యమా చెప్పలేను, రెండు మార్పులూ ఒకే రిలీజులో వేశాం. సిరప్ మాత్రం డాక్టరుగారు చెప్పినన్నాళ్ళూ మానలేదు. మీరు కూడా ఇది చదివి మందు మానకండి.

మొన్న ఆదివారం కొర్రన్నం వండాం. కొర్రలు ఇప్పుడు మిల్లులో పొట్టు తీసే వస్తున్నాయి, రోకలి పట్టే పని లేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నేను మొహం ఎట్లా పెట్టానో నాకు తెలియదు. మా వాడు నన్నే చూస్తున్నాడు.

"బాలేదా నాన్నా?" అన్నాడు.

"కొత్తగా ఉంది, ఇంకో ముద్ద తిని చెప్తా" అన్నాను. వాడూ ఒక ముద్ద పెట్టుకున్నాడు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెబితే, "కొర్రన్నమా? పనిగట్టుకుని కొనుక్కొచ్చి మరీ వండారా?" అని ఎంతసేపు నవ్విందో.